వాడకట్టు వాళ్లే నడిపే తిండి పనులు: పన్నెండు వారాల శిక్షణకు సమగ్ర మార్గదర్శి

ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో వరంగల్‌లోని ఎనుమాముల ఒకటి. అయినా దానికి కూతవేటు దూరంలోని బస్తీల్లో సాయంత్రం ఏడు దాటాక బండి మీద మిగిలిన వాడిన తోటకూర, పావుకిలో టమాటా కొనుక్కునే ఇళ్లు తక్కువేం కాదు. ఇక్కడ కొరత పంటది కాదు. పొద్దున కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషికి మార్కెట్ వేళ అందదు. రేషన్ మిషన్ మీద అరిగిపోయిన వేలిముద్ర పడదు. అంగన్‌వాడీలో తన బిడ్డకు ఏమేం రావాలో ఎవరూ చెప్పరు. బయటి నుంచి వచ్చి ఒకరోజు సరుకుల సంచి పంచిపోతే ఈ ఇబ్బందులు తీరవు. గల్లీలో ఉండే మనిషే వాటిని వారం వారం పట్టుకుని తిరగాలి. అలాంటి మనుషులను తయారుచేయడం ఎలాగో కింద ఉంది.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని మహిళా సంఘాలు, స్లమ్ సమాఖ్యలు, యువజన సంఘాలు, స్వచ్ఛంద సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాలల్లోనూ కొద్ది మార్పులతో నడుస్తుంది. లెక్కలన్నీ 250 నుంచి 300 ఇళ్లున్న ఒక బస్తీకి వేసినవి. అంతకన్నా పెద్ద బస్తీ అయితే రెండు జట్లు చేయండి, ఒకే జట్టును పెంచకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జూన్ రెండో వారం, మృగశిర కార్తె తర్వాత మంచిది. బడులు తెరుస్తారు, వానలు మొదలవుతాయి, ఎండాకాలంలో ఊళ్లకు పోయినవాళ్లు తిరిగొస్తారు. రెండో మంచి కాలం దీపావళి దాటాక. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి మార్కెట్ జోరులో ఉంటుంది. ఆ పనికి పోయే ఆడవాళ్లు మీ తరగతికి రారు, రమ్మనడం కూడా న్యాయం కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులు, మేడారం జాతర జరిగే వారం, ఈ రెండింటినీ ముందే క్యాలెండర్‌లో కొట్టేసి పెట్టుకోండి.

తరగతి వేళ మీరు నిర్ణయించకండి. ఆ బస్తీలో నల్లా ఎప్పుడొస్తుందో ముందు అడగండి. నల్లా వేళకు పెట్టిన మీటింగ్‌కు మనుషులు కాదు, సాకులు వస్తాయి.

మొదటి అడుగు: ఎవరిని ఎంచుకోవాలి

పన్నెండు నుంచి పద్నాలుగు మంది చాలు, ప్రతి గల్లీ నుంచి ఇద్దరు. ఒక్కరిని తీసుకుంటే జ్వరమొచ్చిన రోజు ఆ గల్లీ పని ఆగిపోతుంది. ముగ్గురుంటే పని మూడోవాళ్ల మీదికి తోసుకుంటారు.

"నాయకత్వం చేయాలనుకునేవాళ్లు పేర్లివ్వండి" అని ప్రకటించవద్దు. అలా అడిగితే ముందే మైకు అలవాటున్నవాళ్లే లేస్తారు. బదులుగా గల్లీకి పది ఇళ్లు తిరిగి ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- రాత్రిపూట పిల్లకు జ్వరమొస్తే పక్కింట్లో ఎవరిని లేపుతారు?
- ఊరికి పోయేటప్పుడు ఇంటి తాళం చెవి, పైసలు ఎవరి దగ్గర పెడతారు?
- ఆఫీసుల్లో కాగితం పని పడితే ఎవరిని వెంట తీసుకుపోతారు?

ఏ పేరు మూడు నాలుగిళ్లలో వినిపిస్తే ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. చాలాసార్లు ఆమెకు చదువు రాకపోవచ్చు, మీటింగుల్లో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే మనిషి కావచ్చు. పరవాలేదు. లెక్క రాయడానికి పదో తరగతి చదివిన పిల్లను జత చేయవచ్చు కానీ, నమ్మకాన్ని ఎవరూ పక్కనుంచి జత చేయలేరు.

జట్టులో కచ్చితంగా ఉండాల్సినవాళ్లు: కిరాయికుండే ఇంటివాళ్లు ఒకరు (సొంతింటివాళ్లకు వీళ్ల రేషన్ కార్డు కష్టాలు తెలియవు), ఆటో నడిపేవాళ్లు ఒకరు, అరవై దాటిన ఒక పెద్దమ్మ లేదా పెద్దయ్య, ఫోన్ బాగా వాడే యువత ఇద్దరు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలి కుటుంబాలుంటే వాళ్ల నుంచి ఒకరు.

రేషన్ డీలర్ దగ్గరి చుట్టాలను, పార్టీ పదవిలో ఉన్నవాళ్లను జట్టులోకి తీసుకోవద్దు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఏదైనా ఫిర్యాదు రాయాల్సి వస్తే వాళ్లూ ఇరుకున పడతారు, జట్టూ పడుతుంది. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీని, అంటే బస్తీ మహిళా సంఘాలను చూసుకునే రిసోర్స్ పర్సన్‌ను మాత్రం మొదటి రోజే కలవండి. ఆమెను పక్కన పెట్టి బస్తీలో ఏ సంఘం పనీ నడవదు. అలాగని జట్టు బాధ్యత ఆమె మీద పెడితే ఆమెకున్న పనుల్లో ఇదొకటై మూలన పడుతుంది.

ఆడవాళ్లను ఎంచుకున్నప్పుడు ఇంట్లోవాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. వారానికి ఎన్ని గంటలు, ఎక్కడ, పైసల బాధ్యత ఏమేరకు ఉంటుంది అన్నది అత్తగారి ముందే చెప్పేస్తే నాలుగో వారంలో మానేసేవాళ్లు బాగా తగ్గుతారు.

శిక్షణకయ్యే ఖర్చు

పద్నాలుగు మందికి పన్నెండు తరగతుల చాయ్, బిస్కెట్లు మనిషికి 15 రూపాయల చొప్పున 2,520. నోటుపుస్తకాలు, చార్టులు, మార్కర్లు 900. ముప్ఫై కిలోల ఎలక్ట్రానిక్ కాంటా సుమారు 1,800. మార్కెట్‌కు రెండుసార్లు ట్రాలీ ఆటో 1,200. మొత్తం 6,500 లోపే. తొలి పనికి పెట్టుబడి మరో 10,000 విడిగా ఉంచుకోండి. ఫ్లెక్సీలకు, శాలువాలకు ఇందులో చోటు లేదు.

కాంటా కొనేటప్పుడు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్నదే కొనండి. ముద్ర లేని కాంటాతో మీరు బండివాడి తూకాన్ని ప్రశ్నిస్తే మొదట నవ్వేది ఆ బండివాడే.

ఒకటి నుంచి మూడో వారం: బస్తీని కొలవడం

మొదటి తరగతిలో ఉపన్యాసం వద్దు. వాకిట్లో ముగ్గుపిండితో బస్తీ పటం వేయించండి. గల్లీలు గీతలుగా, కిరాణా కొట్లకు చింతగింజలు, రేషన్ దుకాణానికి ఒక ఇటుక ముక్క, అంగన్‌వాడీకి ఆకు, కూరగాయల బండి ఆగే చోట్లకు గులకరాళ్లు. తర్వాత "నడవలేని ముసలివాళ్లు ఎక్కడున్నారు? పొయ్యి రోజూ వెలగని ఇల్లేది?" అని అడగండి. చదువురాని పెద్దమ్మ లేచి గులకరాయిని జరపడం మొదలుపెడుతుంది. ఆ పటాన్ని చార్టు మీదికి ఎక్కించి, ఫోటో తీసి పెట్టుకోండి. ఇంటి పేర్లున్న చార్టును మాత్రం గోడకు అంటించవద్దు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఊరంతా చదవాల్సిన పని లేదు.

రెండో వారం ధరల చీటీ. ఆరు సరుకులు: టమాటా, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, తోటకూర, కందిపప్పు, గుడ్లు. నాలుగు చోట్లు: గల్లీ బండి, దగ్గరి కిరాణా, హనుమకొండ రైతుబజారు, లక్ష్మీపురం మార్కెట్. నాలుగు జతలు ఒకే రోజు వెళ్లాలి. ఒకరు సోమవారం, ఒకరు గురువారం వెళ్తే ఆ చీటీలు చిత్తుకాగితాలే.

అడిగిన ధర రాసుకొస్తే చాలదు, సరుకు కొని తెచ్చి తూయాలి. ఈ లెక్క చూడండి. బండి మీద "పావు పదిహేను" అన్న టమాటా, కిలో 60 పడుతుంది. అదే బండి మీద కిలో అడిగితే 45 కావచ్చు. రోజు కూలి చేతికొచ్చేది రోజూ కాబట్టి పావు పావు కొనేవాళ్లు నాలుగు పావులకు 15 రూపాయలు ఎక్కువ కడుతున్నారు. ఇక ఆ పావు కాంటా మీద 220 గ్రాములే తూగితే కిలో ధర 68 దాటుతుంది. తోటకూర కట్టలదీ ఇదే సంగతి: "పదికి మూడు" అన్నచోట కట్ట 90 గ్రాములుండొచ్చు, "పదికి రెండు" అన్నచోట 200 ఉండొచ్చు. వేర్లు తీసేసి మళ్లీ తూయండి. ఈ తరగతి ఒక్కటి సరిగ్గా జరిగితే జట్టుకు మిగతా పది తరగతుల మీద ఆసక్తి దానంతట అదే వస్తుంది.

మూడో వారం ముప్ఫై ఇళ్ల అడుగుడు. "మీరు ఆకుకూరలు తింటారా?" అంటే అందరూ తింటామనే చెబుతారు. "నిన్న పొద్దున ఏం వండారు? రాత్రి ఏం తిన్నారు? అందులో కూర ఎంత, ఎవరెవరు తిన్నారు?" అని నిన్నటి సంగతే అడగాలి. ఎవరెవరన్నది వదలొద్దు. గుడ్డు కూర వండిన ఇంట్లో కోడలి పళ్లెంలో గుడ్డు లేకపోవడం ఆ ప్రశ్నకే బయటపడుతుంది. పండుగ మర్నాడు, ఆదివారం మర్నాడు అడగొద్దు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో కూర కనిపిస్తుంది.

పోల్చుకోవడానికి ఒక కొలత ఉంది. రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర దాకా. జట్టులోని ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో మూడు రోజులు తూచి చూడాలి. పక్కింటి తిండి గురించి మాట్లాడే ముందు సొంత పొయ్యి దగ్గర మొదలుపెట్టడం మర్యాద.

నాలుగు, ఐదు వారాలు: రావాల్సినవి రాబట్టడం

కొత్త పనులు పెట్టే ముందు ఇప్పటికే రావాల్సినవి వస్తున్నాయో లేదో చూడాలి. జట్టుకు కంఠతా ఉండాల్సినవి ఇవి.

రేషన్: తెలంగాణలో ఆహారభద్రత కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. రాష్ట్రంలో ఏ రేషన్ దుకాణంలోనైనా తీసుకోవచ్చు. ములుగు నుంచి వచ్చి వరంగల్‌లో కిరాయికున్నవాళ్లు బియ్యం కోసం ప్రతినెలా సొంతూరికి బస్సు కిరాయి పెట్టుకోనక్కర్లేదు. ఇతర రాష్ట్రాల కార్డున్నవాళ్లు కేంద్రం ఇచ్చే మనిషికి 5 కిలోలు ఇక్కడే తీసుకోవచ్చు.

అంగన్‌వాడీ: ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒకపూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం (పోషకాహార పిండి) ప్యాకెట్. ఇంట్లో అడిగినప్పుడు ఆ బాలామృతం ఎవరు తింటున్నారో కూడా చూడండి. తియ్యగా ఉంటుంది కాబట్టి ఇంటిల్లిపాదీ వారంలో అవగొట్టడం మామూలే.

ఎక్కడ తెగుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే. కూలిపని, బట్టలుతికే పని చేసేవాళ్ల వేళ్ల గీతలు అరిగి మిషన్ మీద ముద్ర పడదు. అప్పుడు కనుపాప స్కానర్ వాడమని అడగాలి. ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూపించుకోవడం) చేయించని పిల్లల పేర్లు ఆగిపోతాయి. పెళ్లై వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతుంది. అక్కడ తీయించాకే ఇక్కడ ఎక్కుతుంది. ఈ మూడింటికే గల్లీకొక పట్టిక రాయించండి: ఇంటి నంబరు, సమస్య, ఇచ్చిన కాగితం, తేదీ, ఏమైంది.

డీలర్ దగ్గరికి మొదటిసారి గుంపుగా పోవద్దు. ఇద్దరు వెళ్లి, దుకాణం ముందు నిల్వ, ధరల బోర్డు రాయమని, దుకాణం తెరిచే వేళలు పెట్టమని అడగండి. సర్వర్ మొరాయిస్తే తిట్లు పడేది డీలరే. ఆ కష్టం వింటే ఆయన కూడా ఏ రోజు రద్దీ తక్కువో చెబుతాడు. తూకంలో మోసం మాత్రం వేరే సంగతి. ఒకే దుకాణం నుంచి ఐదు కుటుంబాల బియ్యం బయటికి రాగానే మీ కాంటా మీద తూచి, తేదీతో రాసి, ఐదుగురి సంతకాలతో ఇవ్వండి. ఫోన్ ఫిర్యాదుకు 1967. కాగితం ఇవ్వాలంటే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి. 2013 నాటి జాతీయ ఆహారభద్రత చట్టం ప్రతి చౌక ధరల దుకాణానికీ నిఘా కమిటీ ఉండాలంటోంది. మీ దుకాణం కమిటీలో ఎవరున్నారో సమాచార హక్కు కింద అడగండి. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అర్జీ రాయించడంలో ఒకటే నియమం: ఒక కాగితం, ఒక కోరిక. రేషన్, డ్రైనేజీ, వీధిలైట్లు అన్నీ ఒకే అర్జీలో రాస్తే అది మూడు శాఖల మధ్య తిరుగుతూ ఉంటుంది. రసీదు నంబరు తీసుకోకుండా కౌంటర్ వదలొద్దు.

ఐదో వారం తరగతి మొత్తం నటన. ఒకరు ఆఫీసర్, ఒకరు విసుక్కునే క్లర్కు, ఒకరు తాగొచ్చి మీటింగు చెడగొట్టే మనిషి. జట్టులో అందరికన్నా మెత్తని మనిషిని అర్జీ ఇచ్చే పాత్రలో పెట్టండి. క్లర్కు "రేపు రండమ్మా" అంటాడు. మెత్తని మనిషి సరేనని వెనక్కి తిరుగుతుంది. అక్కడ ఆపి, "ఇప్పుడేం అడగాలి?" అని జట్టును అడగండి. "రేపు ఎన్నింటికి సార్? ఎవరిని కలవాలె? మీ పేరు రాసుకుంటా" — ఈ మూడు ముక్కలు నోటికి అలవాటయ్యేదాకా అదే సన్నివేశం మళ్లీ మళ్లీ ఆడించండి. గొంతు పెంచడం నేర్పకండి. గొంతు పెంచినవాళ్లను ఆఫీసులో గుర్తుపెట్టుకుంటారు, కాకపోతే పని చేయకుండా ఉండడానికి.

ఆరో వారం: తొలి పని ఏది

జట్టుకొచ్చే ఆలోచనల్లో ఎక్కువసార్లు వినబడేవి మూడు: కూరగాయల తోట, అందరూ కలిసి టోకున కొనడం, పేదలకు వండి పెట్టడం. చింతగింజలతో ఓటు వేయించండి, మనిషికి మూడు గింజలు. కానీ ఓటుకు ముందు ఒక్కో పనికి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పించండి: ఎవరు చేస్తారు, వారానికి ఎన్ని గంటలు, ఎంత పైసలు పోయినా తట్టుకుంటాం, రెండు నెలల్లో ఏం కనిపిస్తుంది?

మా మాట అడిగితే, టోకు కొనుగోలుతో మొదలుపెట్టండి. తోట అందరికీ ముద్దొస్తుంది, ఏప్రిల్ ఎండకు చచ్చిపోతుంది, దాంతో జట్టు నమ్మకమూ పోతుంది. వండి పెట్టడమంటే గ్యాస్, పాత్రలు, శుభ్రత, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ఎవరికైనా కడుపునొప్పి వస్తే జవాబుదారీ. కొత్త జట్టుకు అది మోయలేని బరువు. టోకు కొనుగోలులో వారంలోపే లాభమో నష్టమో తేలుతుంది, తప్పు జరిగినా పోయేది కొన్ని వందలే.

ఏడు నుంచి తొమ్మిదో వారం: కూరగాయల సంచి

నలభై ఇళ్లతో మొదలు. వారానికి ఒక సంచి. ఉల్లిగడ్డ కిలో, టమాటా కిలో, ఆలుగడ్డ అరకిలో, వంకాయ లేదా బెండకాయ అరకిలో, దోసకాయ లేదా సొరకాయ అరకిలో, పచ్చిమిర్చి 100 గ్రాములు, ఆకుకూర రెండు కట్టలు. ఇళ్లు 25 కన్నా తక్కువైతే ఆటో కిరాయి సంచిని మింగేస్తుంది. 60 దాటితే తూచి పంచడానికి మనుషులు చాలరు.

ధర ఎలా కట్టాలో ఒక నమూనా లెక్క. సరుకు 4,000, అడ్తి (మార్కెట్ దళారీ కమిషన్), హమాలీ 150, ట్రాలీ ఆటో 500, తరుగు 240, జట్టు నిధికి 110. మొత్తం 5,000. నలభై సంచులకు ఒక్కోటి 125 రూపాయలు. ఇందులో జట్లు తరచూ మరిచిపోయేది తరుగు. ట్రేలో పైన ఎర్రగా నిగనిగలాడే టమాటాల అడుగున చితికినవి ఉంటాయి. నలభై కిలోలు పంచాలంటే నలభై మూడు నలభై నాలుగు కొనాల్సిందే. ఆకుకూరకు అంతకన్నా ఎక్కువ పోతుంది. తరుగు ముందే కలపకపోతే ఆఖరి నలుగురికి సంచి నిండదు. వాళ్లు మళ్లీ వారం రారు, పైగా ఎందుకు రాలేదో బస్తీకంతా చెబుతారు.

పని విభజన ఇలా ఉండాలి. కొనే జత తెల్లవారకముందే మార్కెట్‌లో ఉండాలి. వసూలు చేసే ఇద్దరు ముందురోజు సాయంత్రానికే పైసలు జమ చేయాలి. తూచే జత, పంచే జత, లెక్క రాసే ఒకరు. పైసలు పట్టుకునే మనిషి, పుస్తకం రాసే మనిషి ఎప్పుడూ ఒకరే కాకూడదు, వాళ్లు ఒకే ఇంటివాళ్లూ కాకూడదు. ఫోన్‌పే వసూళ్లు ఒకరి సొంత నంబరుకు రానివ్వొద్దు. సంఘం పేర ఉన్న ఖాతాకు క్యూఆర్ కోడ్ తెచ్చుకునేదాకా చిల్లర నోట్లతోనే నడపండి. మంచి మనిషి మీద కూడా అనుమానం రావడానికి సొంత ఖాతాలోకి వచ్చిన రెండు వేలు చాలు.

కొనడం నేర్పేటప్పుడు ట్రే అడుగుదాకా చేయి పెట్టి చూడమనండి. ఉల్లిగడ్డ మెడ నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడితే నాలుగు రోజుల్లో కుళ్లుతుంది. ఆలుగడ్డ మీద పచ్చరంగు ఉంటే వద్దు. రైతుబజారు బోర్డు ధరలు ముందురోజువి రాసుకుని పోతే బేరానికి ఆసరా. నగరం చుట్టుపక్కల ఊళ్లలో ఆకుకూరలు పండించే ఒకరిద్దరు రైతులతో నేరుగా మాట్లాడుకుంటే ఆకుకూర తాజాగా, తక్కువలో వస్తుంది. కానీ వాళ్లకు ఆ రోజే నగదు ఇవ్వాలి.

ఇక ఉద్దెర. ఈ పనులను ముంచేది ధర కాదు, ఉద్దెర. "రేపిస్తా అక్కా" అన్న ఒక్క సంచి మరుసటి వారానికి ఐదవుతుంది, అడగలేక వసూలు చేసే మనిషే తప్పుకుంటుంది. అందుకే ముందు పైసలు, తర్వాతే సంచి. నిజంగా పైసలు లేని ఇంటికి ఏం చేయాలి? నిధిలో పోగైన దాంతో వారానికి ఒకటో రెండో సంచులు నిధి ఖాతాలో రాసి, మిగతావాటితో పాటే అదే రంగు సంచిలో ఇంటికి చేర్చండి. ఎవరికన్నది ఇద్దరికి తప్ప తెలియకూడదు.

టమాటా ధర ఎగిరిన వారం ఏం చేయాలో ముందే తీర్మానం రాసుకోండి. 2023 జులైలో కిలో 100 దాటినప్పుడు టమాటా లేకుండా వండడం ప్రతి ఇల్లూ నేర్చుకుంది. మీ హద్దు 60 అనుకుంటే, అది దాటిన వారం టమాటా బదులు దోసకాయ, చింతపండు, మామిడి ఒరుగులు పెడతామని సంచి మీదే రాయండి. అప్పటికప్పుడు మారిస్తే మోసమంటారు, ముందే చెబితే ఏర్పాటంటారు.

గల్లీలో బండి తోసుకునేవాళ్లు మీ శత్రువులు కారు. వాళ్లూ ఆ బస్తీవాళ్లే. వాళ్లలో ఒకరిని కొనే జతలో కూలి ఇచ్చి పెట్టుకోండి. మార్కెట్ మర్మం వాళ్లకు తెలిసినంత మీ జట్టుకు రెండేళ్లకైనా తెలియదు.

తోట పెట్టాలనుకుంటే

సంచి పని నెల రోజులు నడిచాకే. స్థలం బస్తీది కాకపోతే రాతపూర్వక అనుమతి తప్పదు: బడి అయితే ప్రధానోపాధ్యాయులు, కార్పొరేషన్ స్థలమైతే మున్సిపల్ కార్యాలయం, అంగన్‌వాడీ అయితే సూపర్‌వైజర్. మురుగునాలా నీళ్లతో ఆకుకూర పెంచొద్దు. చెత్త పోసిన పాత దిబ్బ మీద నేరుగా విత్తొద్దు; అక్కడ సంచుల్లో పెంచుకోవచ్చు.

పన్నెండు అంగుళాల సంచికి ఎర్రమట్టి నాలుగు పాళ్లు, మాగిన పశువుల ఎరువు మూడు, కొబ్బరిపొట్టు మూడు, పిడికెడు వేపపిండి. మాగని ఎరువు వేస్తే వేడికి మొలక చస్తుంది, చెదలు వస్తాయి. నేలలో అయితే మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు మడులు మూడు. మొదటి దాంట్లో తోటకూర ఇవాళ, రెండో దాంట్లో పది రోజులకు, మూడో దాంట్లో ఇరవై రోజులకు విత్తితే తెగకుండా కోతకొస్తుంది. తోటకూర విత్తనాన్ని నాలుగింతల ఇసుకలో కలిపి చల్లండి, లేకపోతే ఒకేచోట గుబురుగా మొలుస్తుంది. మంచి నేలలో 25 నుంచి 30 రోజులకు కోత. మార్చి చివరి నుంచి 50 శాతం నీడనిచ్చే గ్రీన్‌నెట్ లేనిదే ఆకుకూర నిలవదు.

కోతుల సంగతి మరిచి తోట గీయడం ఉత్తర తెలంగాణలో అత్యాశే. ఇనుప పైపుల చట్రం మీద గట్టి జాలీ వేయగలిగితేనే టమాటా, బెండ, వంకాయ. లేదంటే మిర్చి, పసుపు, అల్లం మీద ఆశ పెట్టుకోవచ్చు. తెగుళ్లకు మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో ఆకు తీసుకుపోయి చూపించండి. ఫోటో కన్నా ఆకు మేలు.

వానాకాలానికి ఒక జాబితా

2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ లోతట్టు కాలనీలు మునిగాయి. జట్టు జూన్ నెలాఖరుకే గల్లీవారీగా ఒక జాబితా రాసి పెట్టుకోవాలి: పాలపిల్లలున్న ఇళ్లు, బాలింతలు, షుగర్ మందులు వాడేవాళ్లు, మంచం మీదున్నవాళ్లు. వండకుండా తినగలిగిన సరుకు మూడు రోజులకు సరిపడా, అంటే అటుకులు, పేలాలు, పల్లీలు, బెల్లం, మేడ ఉన్న ఇంట్లో ఉంచాలి. అది ఎవరి మేడో కూడా ఆ కాగితం మీదే రాయండి.

పది నుంచి పన్నెండో వారం: పక్కకు తప్పుకోవడం

శిక్షకులకు కష్టమైన భాగం ఇదే. పదో వారం నుంచి మీటింగు మీరు నడపకండి. వెనక కూర్చోండి, అడిగితేనే మాట్లాడండి. అరగంట మీటింగుకు నాలుగు అంశాలే: పోయిన వారం లెక్క, వచ్చిన ఇబ్బంది, ఈ వారం ఎవరేం చేస్తారు, తీర్మానం. లెక్క పైకి చదవాలి, చదవడం రానివాళ్లకు రూపాయి రూపాయి అర్థమయ్యేలా.

పదకొండో వారం గైర్హాజరు పరీక్ష పెట్టండి. అందరికన్నా చురుకైన మనిషిని ఆ వారం కావాలనే రావద్దని చెప్పండి. సంచుల పని నడిస్తే జట్టు తయారైనట్టు. ఆగిపోతే ఎక్కడ ఆగిందో చూడండి. చాలాసార్లు అది ఒక ఫోన్ నంబరు దగ్గరో, ఒక తాళం దగ్గరో, ఒకరికే తెలిసిన అడ్తిదారు దగ్గరో ఆగి ఉంటుంది. ఆ ముడి విప్పి, పన్నెండో వారం ఇంకొకరు లేకుండా మళ్లీ నడిపించండి.

లెక్కలో పైసలు తగ్గితే అందరి ముందు పేరు పెట్టి అడగొద్దు. ముందు పుస్తకం, రసీదులు, సంచుల లెక్క మూడూ పక్కపక్కన పెట్టి ఇద్దరు కూడాలి. కూడికలో తప్పులే ఎక్కువగా బయటపడతాయి. నిజంగా వాడుకున్నట్టు తేలితే, వాయిదాల్లో కట్టేలా రాయించి పైసల బాధ్యత తప్పించండి. తూకం, పంపకం పనుల్లో ఉంచవచ్చు. జట్టులోంచి గెంటేస్తే పైసలూ రావు, ఆ గల్లీ కూడా మీకు దూరమవుతుంది.

కూలి సంగతి కూడా ఇప్పుడే తేల్చండి. తెల్లవారుజామున మార్కెట్‌కు పోయే జతకు ఆ రోజు సంచి ఉచితం, లేదా ఆటో ఖర్చుతో పాటు వంద రూపాయలు. ఊరికే చేసే సేవ ఆరునెలలు నడుస్తుంది, తర్వాత గొణుగుడు మొదలవుతుంది.

శిక్షణ ముగిశాక నెలకోసారి మూడు నెలలు వెళ్లి నాలుగు అంకెలు చూడండి: సంచుల సంఖ్య, తరుగు శాతం, ఉద్దెర (సున్నా ఉండాలి), కార్డు పట్టికలో తీరిన సమస్యలు. తరుగు పదిశాతం దాటితే కొనే జతను మార్చండి. సంచులు వరుసగా ఆరు వారాలు 25 లోపే ఉంటే ఆ పని మూసేయమని జట్టుకు చెప్పండి. నిధిలో మిగిలింది తీర్మానం రాసి అంగన్‌వాడీకి గుడ్లకో, వానాకాలం సరుకుకో మళ్లించి, కాంటా సంఘం దగ్గర ఉంచి, చివరి లెక్క కాపీ ఒకటి ప్రతి గల్లీకీ ఇచ్చాకే పుస్తకం కట్టేయాలి.